పదకొండో నంబరు కండ

కణాలు పెంచడంలో సూరత్ పక్కనున్న సచిన్ ఇండస్ట్రియల్ ఎస్టేట్ మొత్తంలో నా అంత చెయ్యి తిరిగిన మనిషి లేదు. పోటీకి ఎవరూ లేరనుకోండి, అది వేరే సంగతి. ఎస్టేట్‌లో మిగతావాళ్లంతా బట్ట నేస్తారు, రంగులు కలుపుతారు, రసాయనాలు వండుతారు. మనిషి కండ ముక్కలోంచి కణాలు తీసి గాజు పళ్లేల్లో పెంచే ల్యాబ్ ఒక్కటే ఉంది. అందులో ఆ పని చేసేది నేను. పేరు నీరజ. బమ్రోలిలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన సిరిసిల్ల వాళ్ల పిల్లను. నోరు కాస్త ఎక్కువని అందరూ అంటారు, నేను కాదనను.

పనేమిటో ముందే చెప్పేస్తాను, తర్వాత మళ్లీ అడక్కండి. మనిషి కండలో కొన్ని చిన్న కణాలు నిద్రపోతుంటాయి. కండకు దెబ్బ తగిలితే, బరువు పడితే అవి లేచి కొత్త కండ కడతాయి. వాటిని పళ్లెంలో వేసి, గ్రోత్ ఫ్యాక్టర్లు కలిపిన ద్రవం పోస్తే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఎఫ్‌జీఎఫ్ అనే ఫ్యాక్టర్ ఇందులో ముఖ్యం. అది అందుతున్నంత కాలం కణాలకు సంతానం పెంచుకోవడం తప్ప ఇంకో ధ్యాస ఉండదు, కండగా మారమంటే మారవు. అందుకే ఆరో రోజున ఆ ద్రవం లాగేసి పలచటిది పొయ్యాలి. తిండి తగ్గగానే బుద్ధి వస్తుంది. వరసగా చేరి, ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి పోగులవుతాయి. అప్పుడు ఐజీఎఫ్ అనే ఇంకో ఫ్యాక్టర్ కొద్దిగా ఇస్తే పోగులు లావెక్కుతాయి. పద్నాలుగో రోజున సన్నగా కరెంటు పెడితే ఆ పోగు ముడుచుకుని విచ్చుకుంటుంది. గాజులో కండ కొట్టుకుంటుంది. నాలుగేళ్లుగా చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది. అంత సంతోషం.

ఇక మా బాపు సంగతి. ఆయన పేరు ముత్యం, అరవై మూడేళ్లు. నలభై ఏళ్లు పవర్‌లూమ్ దగ్గర నిలబడ్డ మనిషి. మగ్గాల షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. హోళీ పండుగ వెళ్లిన వారానికి ఖాతా మెట్ల మీద నూనె మరకపై కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. రోజూ లేచి వాకర్ పట్టుకుని నడవాలి, కాలి మీద బరువు పడాలి అని డాక్టర్ చెప్పాడు. మొదటి వారం నడిచాడు కూడా. ఆ తర్వాత ఖాతా యజమాని శేఠ్ పలకరించడానికి వచ్చి, మంచం మీద నారింజలు పెట్టి, "ముత్యంభాయ్, అబ్ ఆరామ్ కరో" అని ఇక రెస్టు తీసుకోమన్నాడు. మర్నాడే మా బాపు నడిపే మగ్గాల మీద శేఠ్ వేరే మనిషిని పెట్టాడు. ఆ రోజు మా బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు, మళ్లీ ఇటు తిరగలేదు.

ఇంట్లో వాళ్లకు ఆయన మీద జాలి ఎక్కువైంది. మా అమ్మ ఐలమ్మ రోజూ పొద్దున్నే మేక కాళ్లు తెచ్చి పాయ కాచి, మంచం దగ్గరికే గిన్నె తీసుకెళ్లి తాగించేది. తమ్ముడు శివకృష్ణ ఆయన్ను రెండు చేతుల మీద ఎత్తి బాత్రూమ్‌కు తీసుకెళ్లేవాడు. నేనూ తక్కువ తినలేదు. దిండు సర్దడం, కాళ్లు పిసకడం, ప్రొటీన్ పౌడర్ కలపడం నా వంతు. రెండు నెలల్లో ఆయనకు పొట్ట వచ్చింది, తొడ సన్నబడింది.

"బాపూ, జర లే. నాలుగు అడుగులు ఎయ్యి," అన్నాను ఒకరోజు.

"సరుకు అయిపోయింది బిడ్డా. తొడ సూడు, నూలు అయిపోయిన బాబిన్ లెక్క ఉన్నది."

"వయసుకు దానికి సంబంధం లేదు. మా ల్యాబ్‌ల డెబ్బై ఏండ్లోళ్ల కండ గుడ పెరుగుతది."

ఆయన ఇటు తిరిగాడు. చాలా రోజుల తర్వాత ఆ కళ్లలో పాత పొగరు కనిపించింది. "అయితే నాది పెంచి సూపెట్టు. నీ గాజు పళ్లెంల నా కండ కొట్టుకున్ననాడు నేను లేస్త. అది లేవకపోతే నన్ను గుడ లెవ్వుమని సతాయించొద్దు. గంతే."

నవ్వకండి. మా బాపు గంతే అంటే గంతే. ఒకసారి టీలో చక్కెర తక్కువైందని అలిగి, పద్దెనిమిదేళ్లుగా టీ ముట్టని మనిషి. ఇంకో నెల ఇలాగే పడుకుంటే ఇక లేవడం కష్టమని డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. కాబట్టి లెక్క తేటతెల్లం. పళ్లెంలో కండ కొట్టుకుంటే మా బాపు నడుస్తాడు, లేకపోతే మంచానికే అతుక్కుపోతాడు. నాకు రవ్వంత భయం కూడా వెయ్యలేదు. పెంచేది నేను కదా.

మా ల్యాబ్ పెద్ద డాక్టర్ శ్రీహర్ష. వాళ్ల నాన్నది రైల్వేలో పెద్ద ఉద్యోగం, ఇల్లు డబ్బున్నవాళ్లుండే ఆల్థాన్‌లో, మాట మెత్తన. అప్పుడు ల్యాబ్‌లో నడుస్తున్నది కూడా ముసలి కండకూ పడుచు కండకూ పోలిక చూసే పనే. బాపును దాతగా తీసుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు పెట్టారు.

"ఎవరి కండ ఏ నంబరన్నది నా దగ్గర కవర్లో ఉంటుందండీ నీరజ గారూ. పని పూర్తయ్యేదాకా మీకు తెలియకూడదు. తెలిస్తే చెయ్యి ఒకవైపు మొగ్గుతుంది."

"నా చెయ్యా? నా చెయ్యి తక్కెడ సార్," అన్నాను. మనసులో బాగా ఉడుక్కున్నాను.

కండ తీసే వారంలో నేను వడోదరలో ట్రైనింగ్‌కు వెళ్లాను. తమ్ముడే బాపును ఆటోలో క్లినిక్‌కు తీసుకెళ్లాడు. బాగున్న కాలి తొడలోంచి సూదితో బియ్యపు గింజంత ముక్క తీస్తారు, అంతే. తిరిగొచ్చేసరికి ల్యాబ్‌లో పదకొండు, పన్నెండు అని రెండు సీసాలున్నాయి. సీసా మీద నంబరు, కండ తీసిన తేదీ తప్ప ఇంకేమీ ఉండవు. ఒకరు పెద్దవయసు వారు, ఇంకొకరు ఇరవై నాలుగేళ్ల కుర్రాడు అని మాత్రం సార్ చెప్పారు.

నేను తమ్ముణ్ణి ఏ రోజు వెళ్లారని అడగలేదు. అడిగితే రూలు తప్పినట్టు. గోడ మీది క్యాలెండర్ చూస్తే రూలు తప్పినట్టు ఎలా అవుతుంది? పదకొండు మీదున్న తేదీ అమావాస్య. పన్నెండుది ఆ తర్వాత మూడో రోజు. ఇక కవరుతో పనేముంది? మా ఇంట్లో అమావాస్య నాడు మగ్గం మీద నూలు చుట్టిన కొత్త బీమ్ ఎక్కించరు, కత్తెర ముట్టరు. ఒకసారి శేఠ్ నెత్తీనోరూ కొట్టుకున్నా మా బాపు అమావాస్య నాడు బీమ్ ఎక్కించలేదు. అలాంటి మనిషి ఆ రోజు తొడలో సూది గుచ్చనిస్తాడా? పన్నెండే మా బాపు. నేత నేసే సాలోళ్ల ఇంట్లో పుట్టిన పిల్లకు ఈపాటి లెక్క తెలియదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

రెండూ ఒకేరోజు పళ్లేల్లో వేశాను. మూడో రోజుకే తేడా తెలిసింది. పదకొండు గబగబా పెరుగుతోంది. పన్నెండులో అక్కడొకటి, ఇక్కడొకటి. ముసలి కణాలు అంతే మరి, లేవమంటే టైమ్ తీసుకుంటాయి అనుకున్నాను. నా లెక్క ఇంకా గట్టిపడింది.

ఆరో రోజున పదకొండులోంచి మంచి ద్రవం లాగేసి, పలచటిది పోశాను. రెండో ఆలోచన లేదు. పన్నెండు ముందు కూర్చుంటే మాత్రం చెయ్యి రాలేదు. పళ్లెం సగం కూడా నిండలేదు, ఇంకా రెండు రోజులు ఆగుదామనుకున్నాను. అది న్యాయమే. కానీ ఎనిమిదో రోజుకు పళ్లెం నిండింది. అప్పుడైనా మార్చాలి. మార్చలేదు. ఇంకొక్క పూట తిననీ, కొంచెం బలం పట్టనీ అని మళ్లీ మంచి ద్రవమే పోశాను. తొమ్మిదో రోజు ఎఫ్‌జీఎఫ్ ఇంకాస్త పెంచాను. నోట్‌బుక్‌లో 'సిద్ధం కాలేదు' అని రాశాను. ఎవరూ లేనప్పుడు "తిను బాపూ" అని పళ్లెంతో అన్నాను కూడా. నాలుగేళ్ల సర్వీసులో ఏ పళ్లెంతోనూ మాట్లాడలేదు నేను.

పద్నాలుగో రోజు పదకొండుకు కరెంటు పెట్టాను. మైక్రోస్కోప్‌లో పొడుగాటి పోగులు, నీట్‌గా వరసలో. సెకనుకొకసారి ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. ఇంత బాగా కొట్టుకున్న కండను నేను ఈ ల్యాబ్‌లో చూడలేదు. ఫోన్‌లో వీడియో తీశాను. తర్వాత పన్నెండు చూశాను. కణాలు కిక్కిరిసి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, పోగన్న మాటే లేకుండా ఉన్నాయి. పైగా చాలా వరకు గుండ్రంగా ఉబ్బి ఊడిపోతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఇరవై నాలుగేళ్ల కుర్రాడి కండ ఎగురుతోంది, మా బాపు కండ చచ్చిపోతోంది.

ఇంటికి వెళ్లే దారిలో, బమ్రోలి రోడ్డు మీద స్కూటీ పక్కన ఆపి, నిర్ణయం తీసుకున్నాను. అబద్ధమే చెబుతాను. మనిషి లేస్తే చాలు, ఏ పాపమైనా నాకు అంటనీ.

ఇంట్లోకి వెళ్లి చెప్పులు విప్పకుండానే ఫోన్ చూపించాను. "బాపూ, సూడు. నీ కండనే. ఎట్ల కొట్టుకుంటుందో సూడు."

ఆయన వీడియో మొత్తం చూశాడు. ఆ తర్వాత ఫోన్ వదిలేసి నా మొఖం చూశాడు.

"ఇది నాది గాదు."

"నీదే. ఒట్టు."

"ఒట్టెందుకు తింటున్నవ్ బిడ్డా? నువ్వు పుట్టినప్పటి సంది నీ మొఖం సూస్తున్న. ఇది ఎవడో పడుచు పోరనిది. నాది లెవ్వలే గదా?"

నేను ఫోన్ వెనక్కి తీసుకుని వీడియో ఆపేశాను. ఆయన మెల్లగా గోడవైపు తిరిగాడు. "మంచిది. ఇగ సతాయించకుండ్రి," అన్నాడు గోడతో. వంటింట్లో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు ల్యాబ్‌కు వెళ్లేసరికి శ్రీహర్ష సార్ పన్నెండో నంబరు నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"ఎనిమిదో రోజుకే పళ్లెం నిండిందని మీరే రాశారు. అయినా తిండి తగ్గించలేదు. తొమ్మిదో రోజు ఎఫ్‌జీఎఫ్ పెంచారు కూడా. ఎందుకండీ? కొత్తగా చేరిన కరుణ కూడా ఈ తప్పు చెయ్యదు."

"పాపం సార్, ఇంకా బలం పట్టలేదని..."

"పాపమా?" ఆయన కళ్లద్దాలు తీశారు. "మీ నోట ఆ మాట ఎప్పుడూ వినలేదే. ఏం జరిగింది నీరజ గారూ?"

అప్పుడు అంతా చెప్పేశాను. బాపు బెట్టు, క్యాలెండర్, అమావాస్య, నిన్నటి అబద్ధం, ఏదీ దాచలేదు. చెబుతుంటే నాకే సిగ్గేసింది. నా చెయ్యి తక్కెడ అన్నదాన్ని, తక్కెడలో రాయి పెట్టింది నేనే.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "పన్నెండు ఇక పనికిరాదు. సీసాలో మిగిలిన కణాలతో కరుణ మళ్లీ మొదలుపెడుతుంది, మీరు వాటిని ముట్టుకోకండి. పదకొండు పని పూర్తయింది కాబట్టి కవరు తెరవచ్చు," అని సొరుగులోంచి తీసి చింపారు. కాగితం చదివారు. మళ్లీ చదివారు. తర్వాత నావైపు తిప్పారు.

పదకొండు. పురుషుడు. వయసు అరవై మూడు.

"తప్పు పడింది సార్. ఆ రోజు అమావాస్య."

"తప్పు పడలేదండీ. పన్నెండు ఆ కుర్రాడిది. ఆ ముక్కలో కణాలే తక్కువ దొరికాయి, అందుకే నెమ్మదిగా మొదలైంది. వేళకు ద్రవం మార్చి ఉంటే అదీ కండ అయ్యేది. మీ నాన్నగారిది వేళకు మార్చారు, అయింది."

బయటికి వచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. బాపును క్లినిక్‌కు ఏ రోజు తీసుకెళ్లావురా అని అడిగాను.

"అమాస నాడే అక్కా. క్లినికోళ్లు గా దినమే రమ్మన్నరు. అమాస గదా బాపూ, వద్దని చెప్దామా అన్న. ఇనలే. 'మగ్గమే లేనోనికి అమాస ఏందిరా' అన్నడు."

నేను అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. రసాయనాల కంపు, లారీల హారన్లు, ఏవీ పట్టలేదు. మా బాపు ఆ మాట అన్న రోజు నేను ఆయన పక్కన లేను, పక్కనున్న తమ్ముడికి అది అర్థం కాలేదు. క్యాలెండర్ చదివి ఆయన్ను కనిపెట్టేశానని నేను మురిసిపోయాను. మెల్లగా పెరిగే కండ చూడగానే ఇదే మా బాపు అనుకున్నాను. గెంతే కండ చూస్తే ఎవరో కుర్రాడనుకున్నాను. వయసుకు దానికి సంబంధం లేదని ఆయనకు లెక్చర్ ఇచ్చింది నేను. ఆయన మీద నమ్మకం లేనిది కూడా నాకే.

సగం రోజు సెలవు పెట్టి ఇంటికి వెళ్లాను. అమ్మ పాయ గిన్నెతో మంచం పక్కన కూర్చుని ఉంది. తమ్ముడు భోజనానికి వచ్చి ఉన్నాడు. బాపు ముందు ఫోన్ పెట్టి వీడియో ఆన్ చేశాను.

"నిన్న సూసిందే గదా," అన్నాడు విసుగ్గా.

"నిన్న సూసిందే. నిన్న నేను అబద్ధం చెప్తున్న అనుకున్న బాపూ. అది నిజమట. కవరు తెరిసి సార్ సూపెట్టిండు. పదకొండు నీదే. నేనే పక్క పళ్లెంది నీదనుకున్న."

ఆయన ఈసారి ఫోన్ వంక చూడనే లేదు. నా మొఖమే చూశాడు. నేను తల దించుకోలేదు.

"మరి నాదనుకున్నదాన్ని ఏం జేసినవ్?"

"తిండి పెట్టి పెట్టి ఖరాబ్ జేసిన."

"నాదాన్ని?"

"ఆరో దినమే తిండి గుంజుకున్న. ఎవడో పోరనిది అనుకున్న గదా, జాలి పడలే."

మా ఇంటి కింది ఖాతాలో మగ్గాలు టకటకా ఆడుతున్నాయి. ఆయన మొఖం ఎర్రబడింది. నన్ను కొడతాడేమో అనుకున్నాను. చిన్నప్పుడు కూడా కొట్టని మనిషి.

"అంటే నువ్వు గుడ నన్ను ఖతమైండు అనుకున్నవ్."

"అనుకున్న బాపూ. తప్పయింది."

ఆయన దుప్పటి తోసేశాడు. "ఐలమ్మా, గా గిన్నె అవతల పెట్టు. శివా, వాకర్ ఇటు తే. తెచ్చి దూరం జరుగు."

తమ్ముడు వాకర్ తెచ్చి, అలవాటు ప్రకారం చంకలో చెయ్యి వెయ్యబోయాడు. బాపు చూసిన చూపుకు వెనక్కి తగ్గాడు. బాపు రెండు కాళ్లూ కింద పెట్టాడు. వాకర్ పిడికిళ్లతో పట్టుకున్నాడు. లేచాడు, సగం లేచి ఆగాడు. నుదుటి మీద చెమట. ఎముకకు ఏం కాదని డాక్టర్ చెప్పాడు, బరువు పడితేనే ఆ తొడ తనకు కావలసిన ఐజీఎఫ్ తనే తయారుచేసుకుంటుందని నాకూ తెలుసు. తెలిసినా నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్లాయి. వాటిని వెనక్కి లాక్కుని, నడుము వెనక ఒకదాన్ని ఒకటి పట్టుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

విరిగిన కాలు ముందుకు వేశాడు. అది గడగడా వణికింది. ఒళ్లంతా దాని మీద మోపాడు. కాలు నిలబడింది.